మిద్దె మీద టెలిస్కోప్: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదేళ్ళుగా తిరుపతిలో మా మిద్దె మీద నుంచి ఆకాశం చూస్తున్నాను. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు, పిల్లల స్నేహితులు, చిత్తూరు నుంచి వచ్చే బంధువులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మన ఊరి ఆకాశానికి, మన వానలకు, మన ఎండకు సరిపోయే విషయాలే ఇవి.

ఊళ్ళో ఇన్ని లైట్లున్నాయి కదా, అసలు ఏమైనా కనిపిస్తుందా?

కనిపిస్తుంది. చంద్రుడు, గురుడు, శని, శుక్రుడు, జంట నక్షత్రాలు వీధి దీపాలను లెక్కచేయవు. లైట్ల వల్ల దెబ్బతినేవి పాలపుంత, నెబ్యులాలు (ఆకాశంలోని వాయువు, ధూళి మేఘాలు), గెలాక్సీలు. తిరుపతిలో ఉత్తరం వైపు కొండ మీది తిరుమల వెలుగు, ఘాట్ రోడ్డు దీపాలు ఉంటాయి కాబట్టి మసకగా ఉండే వాటిని దక్షిణం, తూర్పు దిక్కుల్లో వెతుక్కోవడం మేలు.

నేను నీళ్ళ ట్యాంకు నీడలో స్టాండ్ వేసుకుంటాను. వీధి దీపం నేరుగా కంట్లో పడకపోతే చాలు, సగం సమస్య తీరినట్టే. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచారంటే మళ్ళీ మొదటికే వస్తుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసుకోండి.

వెంటనే టెలిస్కోప్ కొనేయవచ్చా?

ఒక రెండు నెలలు ఆగమంటాను. ముందు ఉత్త కళ్ళతో సప్తర్షులు, కృత్తికలు, రోహిణి, ఆరుద్ర, చిత్త, స్వాతి, జ్యేష్ఠ గుర్తుపట్టడం నేర్చుకోండి. తర్వాత 7x50 గానీ 10x50 గానీ బైనాక్యులర్ తీసుకోండి (మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది ముందు కటకం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది). కృత్తికలు ఉత్త కళ్ళకు ఆరేడు చుక్కలు. బైనాక్యులర్‌లో చూస్తే నీలం ఛాయతో పదుల కొద్దీ కనిపిస్తాయి. ఆ గుంపు మొత్తం ఒకేసారి పట్టే వెడల్పు చాలా టెలిస్కోపులకు ఉండదు. రేపు టెలిస్కోప్ వచ్చాక కూడా బైనాక్యులర్ మూలన పడదు.

సరే, కొనాలనుకుంటే ఏది?

పెట్టె మీద రాసిన రెట్లు చూడకండి. ముందు భాగంలో ఉన్న కటకం లేదా అద్దం ఎంత వెడల్పో చూడండి. వెలుతురు పోగుచేసేది అదే. చీకట్లో మన కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 130 మి.మీ. అద్దం దానికన్నా దాదాపు 340 రెట్లు ఎక్కువ వెలుతురు పట్టి కంటికి అందిస్తుంది.

చంద్రుడు, గ్రహాలు చాలనుకునే ఇంటికి 70, 80 మి.మీ. కటకాల టెలిస్కోప్ బాగుంటుంది. తేలిక, పెద్దగా సర్దుబాట్లు ఉండవు. ఇంకాస్త లోతుగా చూడాలనుకుంటే 130 లేదా 150 మి.మీ. అద్దంతో వచ్చే న్యూటోనియన్ తీసుకోండి. నా 130 సెకండ్ హ్యాండ్‌ది, 14 వేలకు వచ్చింది. అద్దం బాగుంటే పాతదైనా ఫరవాలేదు.

స్టాండ్ విషయంలో మాత్రం మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. చాలా సెట్లతో ఈక్వటోరియల్ మౌంట్ వస్తుంది (మౌంట్ అంటే స్టాండ్ మీద గొట్టాన్ని పట్టి తిప్పే భాగం). దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు, అంటే మన అక్షాంశానికి సమానమైన కోణంలో వంచాలి. తిరుపతి 13.6 డిగ్రీలు, చిత్తూరు 13.2. చవక మౌంట్లలో చాలావాటిని యూరప్, అమెరికా అక్షాంశాల కోసం చేస్తారు. అంత కిందికి వంచితే బరువు దిమ్మె వెళ్ళి స్టాండ్ కాలికి కొట్టుకుంటుంది, స్క్రూ కూడా చివరి దాకా రాదు. కాబట్టి పైకీ కిందికీ, పక్కలకీ తిరిగే మామూలు మౌంట్ గానీ, బల్ల మీద తిరిగే డాబ్సోనియన్ గానీ తీసుకోండి. డాబ్సోనియన్ అయితే ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా తిప్పగలరు.

"525 రెట్లు పెద్దది చేస్తుంది" అని అమ్ముతున్నారు. నిజమేనా?

లెక్క చాలా తేలిక. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంగ్త్) ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే చిన్న కటకం, నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే రెట్లు. 650 మి.మీ. టెలిస్కోప్‌లో 25 మి.మీ. ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మి.మీ. పెడితే 65. ఐపీస్ చిన్నది చేసుకుంటూ పోతే అంకె ఎంతైనా పెరుగుతుంది, బొమ్మ మాత్రం అలికేసినట్టు అవుతుంది. అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతలే పైహద్దు. అంటే 60 మి.మీ. టెలిస్కోప్‌కు 120. అది కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రే. నేను ఎక్కువ కాలం గడిపేది 26కూ 130కీ మధ్యే.

మొదటి రోజు ఏం చేసినా నలుపే తప్ప ఏమీ కనిపించలేదు. పాడైపోయిందా?

పాడవలేదు. నూటికి తొంభై సార్లు ఫైండర్‌ను, అంటే గొట్టం మీద గురి చూసుకునే చిన్న గొట్టాన్ని, సరిచేయకపోవడమే కారణం. ఈ పని పగలు చేసుకోవాలి. కనీసం అర కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొననో, గుడి గోపుర కలశాన్నో తక్కువ రెట్ల ఐపీస్‌లో నడిమధ్యకు తెచ్చుకోండి. గొట్టాన్ని కదపకుండా ఫైండర్ స్క్రూలు తిప్పుతూ అదే కలశాన్ని అందులోనూ మధ్యకు తీసుకురండి. పది నిమిషాల పని. గొట్టం సూర్యుడి వైపు ఎంతమాత్రం తిరగకుండా జాగ్రత్తపడండి.

రాత్రి ఎప్పుడూ పెద్ద అంకె ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి. వస్తువు దొరికాక 10 మి.మీ.కి మారండి. నక్షత్రం పెద్ద గుండ్రటి బిళ్ళలా, మధ్యలో నల్లటి చుక్కతో కనిపిస్తే అది ఫోకస్ కాలేదని అర్థం. బొమ్మ తలకిందులుగా ఉంటుందని కంగారు పడకండి. అది టెలిస్కోప్ స్వభావం.

గురుడు నీళ్ళలో చూసినట్టు వణుకుతున్నాడు. ఎందుకు?

పగలంతా ఎండకు కాగిన మిద్దె రాత్రి పది దాకా సెగ వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలి మీ గొట్టం ముందు నుంచే పైకి లేస్తుంది. సాయంత్రం ఐదింటికి మిద్దె మీద నాలుగు బకెట్ల నీళ్ళు చల్లండి. ఏడు గంటలకల్లా టెలిస్కోప్ బయట పెట్టి చల్లబడనివ్వండి. తొమ్మిదిన్నర తర్వాత చూస్తే అదే గురుడు చాలా నిలకడగా ఉంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఇంకా బాగుంటుంది.

పక్కన నీళ్ళ మోటారు ఆడుతున్నా, ఎవరైనా మిద్దె మీద నడుస్తున్నా కూడా బొమ్మ అదురుతుంది. ఆ రెండూ ఆపించుకుంటే సరి.

మొదట ఏం చూడాలి?

చంద్రుణ్ణి. పౌర్ణమి రోజు మాత్రం వద్దు. ఆ రోజు ఎండ నేరుగా పడి గుంటలకు నీడలుండవు, అంతా పిండి పరిచినట్టు తెల్లగా ఉంటుంది. శుక్ల పక్షంలో తదియ నుంచి ఏకాదశి దాకా చూడండి. క్యాలెండర్‌లో తిథి చూసుకుంటే సరిపోతుంది, ఏ యాప్ అక్కర్లేదు.

అష్టమి రాత్రి వెలుగు, చీకటి కలిసే గీత వెంట నెమ్మదిగా పైనుంచి కిందికి రండి. అక్కడ సూర్యోదయం అవుతోంది. గుంటల గోడలు వెలుగుతుంటాయి, అడుగు ఇంకా నల్లగా ఉంటుంది. చీకటి భాగంలో ఒంటరిగా ఒక చుక్క మెరుస్తుంటే అది ఎండ తగిలిన కొండ శిఖరం. అరగంట ఆగి మళ్ళీ చూస్తే ఆ చుక్క పక్కన ఇంకొకటి వెలిగి ఉంటుంది. నవమి, దశమి నాటికి కోపర్నికస్ అనే గుంట బయటపడుతుంది. వెడల్పు 93 కిలోమీటర్లు. తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఉన్న దారి మొత్తం అందులో ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. మెట్లు మెట్లుగా దిగే దాని గోడలు, నడుమ ఉన్న కొండలు 65 రెట్లలోనే తెలుస్తాయి.

తర్వాత గురుడు. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు చందమామలు మీ బైనాక్యులర్‌కు కూడా అందుతాయి. ఒక నోటు పుస్తకంలో రోజూ గురుణ్ణి గుండ్రంగా, చందమామలను చుక్కలుగా గీయండి. ఈ నాలుగింటిలో అన్నిటికన్నా లోపలిదైన అయో 1.77 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఏడింటికి చూసి పదింటికి చూస్తే చోటు మారిన సంగతి మీకే తెలుస్తుంది.

శని వలయాలు ఫోటోల్లో ఉన్నంత వెడల్పుగా లేవేంటి?

2025 మార్చిలో వలయాలు మన వైపు అంచుగా తిరిగాయి. అందుకే కొంతకాలం సన్నటి గీతలా కనిపించాయి. శని 29 ఏళ్ళకు పైగా తీసుకుని సూర్యుణ్ణి ఒకసారి చుడతాడు కాబట్టి సుమారు పదిహేనేళ్ళకోసారి ఇలా జరుగుతుంది. ఇప్పుడు ఏటేటా విచ్చుకుంటున్నాయి, 2032 ప్రాంతానికి బాగా వెడల్పవుతాయి. ఈ ఏళ్ళన్నీ వరుసగా చూసే అవకాశం మనకు వచ్చింది, ఒక్క ఏడాది కూడా వదలకండి.

మా పక్కింటి అవ్వకు ఒకసారి 65 రెట్లలో శనిని చూపించాను. ఐపీస్ దగ్గర కన్ను పెట్టి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాయనా, ఇన్నేళ్ళు నూనె పోసి మొక్కినా, ఇంత చక్కగా ఉంటాడని తెలీదు" అంది. మళ్ళీ వంగి చూసింది. ఆమె తర్వాత వరుసలో నిలబడ్డ మనవళ్ళకు ఆ రాత్రి చోటు దొరకడానికి పావుగంట పట్టింది.

ఫోటోల్లోలా రంగులు ఎందుకు కనిపించవు?

మసక వెలుతురులో మన కంటికి రంగు పట్టే శక్తి ఉండదు. కెమెరా గంటల తరబడి వెలుతురు పోగుచేసుకుంటుంది, కన్ను ఆ పని చేయలేదు. ఓరియన్ అనే వేటగాడి ఆకారపు నక్షత్రాల గుంపులో, నడుముకు దిగువన కత్తిలా వేలాడే చుక్కల మధ్య ఉన్న నెబ్యులా గులాబీ రంగులో కాకుండా బూడిద రంగు పొగలా కనిపిస్తుంది. అయినా నిదానంగా చూడండి. పొగ మధ్య నాలుగు చిన్న నక్షత్రాలు ట్రెపీజియం ఆకారంలో ఉంటాయి. ఆ వెలుతురు బయల్దేరి 1,300 ఏళ్ళు దాటింది. కన్ను నేరుగా దాని మీద నిలపకుండా కొంచెం పక్కకు చూస్తే పొగ ఇంకా విస్తరించినట్టు తెలుస్తుంది.

నక్షత్రాలకు మాత్రం రంగులుంటాయి. ఆరుద్ర నారింజ, జ్యేష్ఠ ఎరుపు, చిత్త నీలం కలిసిన తెలుపు.

పెళ్ళిలో చూపించే అరుంధతి టెలిస్కోప్‌లో ఎలా ఉంటుంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉత్తరం వైపు, కొండకు చాలా పైన గరిటె ఆకారంలో సప్తర్షులు ఉంటారు. గరిటె కాడలో చివరి నుంచి రెండోది వసిష్ఠుడు. కళ్ళు బాగున్నవాళ్ళకు దాన్ని ఆనుకుని అరుంధతి కనిపిస్తుంది. టెలిస్కోప్‌లో 65 రెట్లు పెట్టి చూడండి. వసిష్ఠుడే రెండు నక్షత్రాలుగా విడిపోతాడు, కాస్త దూరంగా అరుంధతి. పెళ్ళిలో పగలు పురోహితుడు చూపిస్తే వేలి కొన తప్ప ఏమీ చూడనివాళ్ళే మనలో ఎక్కువ. మా మిద్దె మీదికి వచ్చిన కొత్త దంపతులందరికీ ముందు ఇదే చూపిస్తాను.

పంచాంగంలోని కార్తెలకూ నక్షత్రాలకూ సంబంధం ఉందా?

ఉంది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటే ఆ పేరుతో కార్తె. మే 25 చుట్టుపక్కల రోహిణి కార్తె వస్తుంది. రోళ్ళు పగులుతాయంటామే, ఆ ఎండలు. ఆ రోజుల్లో రోహిణి నక్షత్రం కోసం రాత్రి ఎంత వెతికినా దొరకదు, సూర్యుడితో పాటే ఉదయించి పాటే అస్తమిస్తుంది. అదే రోహిణి సంక్రాంతి నాడు రాత్రి తొమ్మిదింటికి దాదాపు మన నడినెత్తిన ఉంటుంది. మీ ఇంట్లో సేద్యం చేసిన తాతలుంటే కార్తెలన్నీ వరుసగా చెబుతారు. వాళ్ళను మిద్దె మీదికి తీసుకెళ్ళి ఆ నక్షత్రాలను చూపించండి.

రాహుకేతువులను చూడవచ్చా?

అవి వస్తువులు కావు, ఆకాశంలో రెండు బిందువులు. సూర్యుడు సాగే దారికి చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటుంది. ఆ రెండు దారులూ ఖండించుకునే చోట్లే రాహువు, కేతువు. అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఆ బిందువుల దగ్గర పడితే గ్రహణం. అవి వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళలో చుట్టు పూర్తి చేస్తాయి. మన పూర్వీకులు కంటికి కనిపించని ఈ బిందువులను లెక్కగట్టి పట్టుకున్నారంటే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

గ్రహణాన్ని, సూర్యుణ్ణి టెలిస్కోప్‌తో చూడవచ్చా?

చంద్రగ్రహణాన్ని ఏ ఫిల్టరూ లేకుండా ఎంతసేపైనా చూడవచ్చు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన దేశమంతా కనిపించింది. గ్రహణ వేళ తిరుమల ఆలయం తలుపులు మూస్తారు, శ్రీకాళహస్తి గుడి తెరిచే ఉంటుంది. మీ ఇంటి ఆచారం ఏదైనా సరే, ఆ రాగి రంగు చంద్రుణ్ణి చూడడం వల్ల కంటికి ఏ హానీ లేదు.

సూర్యుడి సంగతి వేరు. ఫిల్టర్ లేని టెలిస్కోప్‌లో ఒక్క క్షణం చూసినా చూపు పోవచ్చు. నొప్పి కూడా తెలియదు. సోలార్ ఫిల్టర్ గొట్టం ముందు భాగంలోనే, గాలికి ఊడిపోకుండా టేపుతో బిగించాలి. ఐపీస్‌కు తిప్పి పెట్టే చిన్న నల్ల గాజు ఫిల్టర్ వస్తే పారేయండి, అది వేడికి పగులుతుంది. ఫైండర్‌కు మూత వేయండి. ఎక్స్‌రే ఫిల్ములు, వెల్డింగ్ దుకాణంలో పడి ఉన్న ఏదో ఒక గాజు వాడకండి. గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని టెలిస్కోప్‌లో చూడడం కూడా ప్రమాదమే. పిల్లలున్నప్పుడు పెద్దవాళ్ళు ఒకరు గొట్టం పక్కనే నిలబడి ఉండాలి.

ఏ పరికరమూ అక్కర్లేని సూర్యుడి వింత ఒకటుంది. ఏప్రిల్ 26 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 16 ప్రాంతంలో తిరుపతిలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటి పది, పదిహేను నిమిషాలకు నిలువుగా పెట్టిన స్టీల్ గ్లాసుకు పక్కన నీడే ఉండదు. చిత్తూరులో ఇది ఏప్రిల్‌లో ఒకటి రెండు రోజులు ముందు, ఆగస్టులో ఒకటి రెండు రోజులు తర్వాత.

ధ్రువ నక్షత్రం మా ఇంటి నుంచి కనిపించడం లేదు.

ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటాడంటే మన అక్షాంశం ఎంతో అంత, 13.6 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఒక పిడికిలి దాదాపు 10 డిగ్రీలు. అలిపిరి వైపు, కొండ పాదంలో ఉండేవాళ్ళకు శేషాచలం అడ్డం వస్తుంది. రేణిగుంట, తిరుచానూరు వైపు జరిగితే కొండ అంచు కిందికి దిగి ధ్రువుడు బయటపడతాడు. ప్రకాశం మధ్యరకమే, చాలామంది అనుకున్నంత పెద్ద నక్షత్రం కాదు.

దక్షిణం వైపు ఏముంది?

మన అసలు సంపద అక్కడుంది. మే నెల నడుమ రాత్రి తొమ్మిదింటికి నేరుగా దక్షిణానికి చూడండి. సిలువ ఆకారంలో త్రిశంకు నిలబడి ఉంటాడు. అతని అడుగు నక్షత్రం 13 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఉత్తరాన ధ్రువుడిది కూడా దాదాపు అదే ఎత్తు. ఒకే మిద్దె మీద నిలబడి మెడ తిప్పితే రెండూ కనిపిస్తాయి. ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం 24 డిగ్రీల ఎత్తున మెరుస్తుంది.

మే చివర్లో ఒమేగా సెంటారీని వెతకండి. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో దాదాపు కోటి నక్షత్రాలు ఒక ముద్దగా ఉన్న గుంపు. బైనాక్యులర్‌లో దూది ఉండలా ఉంటుంది. లండన్‌లో ఉన్నవాళ్ళకు అది ఎన్నడూ ఉదయించదు, మనకు 29 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఒకసారి ఊరికి దూరంగా మా బంధువుల మామిడితోటలో 65 రెట్లు పెట్టి చూశాను. ముద్ద అంచులు పగిలి, రవ్వ చల్లినట్టు సన్నటి చుక్కలు బయటపడ్డాయి. ఒకటా రెండా, కన్ను ఎక్కడ నిలిపితే అక్కడ. ఊరి మిద్దె మీద ఇది మసకే, నిజం చెప్పాలి.

ఏ నెలలు మంచివి?

జనవరి నుంచి మార్చి దాకా అన్నిటికన్నా మేలు. ఏప్రిల్, మేలో ఆకాశం తెరిపిగానే ఉంటుంది కానీ దుమ్ము, సెగ. జూన్ నుంచి మబ్బులతో దోబూచులాట. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. తుఫాను వెళ్ళిన మర్నాటి రాత్రి మాత్రం మిద్దె ఎక్కండి, కడిగిన ఆకాశం అప్పుడే దొరుకుతుంది.

అద్దం మీద సాలెగూడు లాంటి మరకలు వచ్చాయి. ఏమిటవి?

బూజు. నాకూ జరిగింది. ఒక నవంబర్‌లో వానలు పట్టుకుని మూడు వారాలు టెలిస్కోప్‌ను బీరువా పక్కన మూత వేసి ఉంచేశాను. తీసి చూస్తే అద్దం ఒక అంచున సన్నటి పోగులు, నక్షత్రం ఆకారంలో పాకి ఉన్నాయి. అద్దాన్ని విప్పి, కుళాయి ధార కింద దుమ్ము పోనిచ్చి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టాను. తడి దూదిని దాని బరువుతోనే మీద జరిపాను, వేలితో నొక్కలేదు. చివర్లో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఏటవాలుగా ఆరబెట్టాను. చాలావరకు పోయింది, రెండు పోగుల అచ్చు మాత్రం పూతలో నిలిచిపోయింది.

అప్పటి నుంచి ఐపీసులన్నీ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెడుతున్నాను. నీలం రకం పూసలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టాయని గుర్తు, కాస్త వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి. మామూలు దుమ్ముకైతే అద్దం కడగకండి. పలచటి దుమ్ము వల్ల బొమ్మకు ఏమీ కాదు.

ఎదురింటివాళ్ళు తమ ఇంట్లోకి చూస్తున్నామని అనుకుంటారేమో.

మొదటి రోజే వాళ్ళను పిలవండి. ముందు వాళ్ళ పిల్లలకే చంద్రుణ్ణి చూపించండి. గొట్టం ఎప్పుడూ ఇళ్ళ వైపు ఆనించి వదిలేయకండి. పచ్చ లేజర్ లైట్‌తో నక్షత్రాలు చూపే అలవాటుంటే రేణిగుంటలో దిగే విమానాల వైపు అది ఎంతమాత్రం పోకూడదు.

చీకటి ఆకాశం కోసం ఎక్కడికి వెళ్ళాలి?

తెలిసినవాళ్ళ తోట, పొలం దగ్గరి ఇల్లు అన్నిటికన్నా మంచిది. రాత్రి పూట అడవి దారుల్లో ఆగవద్దు. శేషాచలంలో చిరుతలున్నాయి, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు పొలాల్లోకి వస్తాయి. హార్స్‌లీ హిల్స్‌లో బస దొరికితే అమావాస్య దగ్గర్లో వెళ్ళండి, ఎత్తూ చీకటీ రెండూ దొరుకుతాయి.

శ్రీహరికోట రాకెట్‌ను టెలిస్కోప్‌లో చూడవచ్చా?

వద్దు, మీరు గొట్టం తిప్పేలోపు అది వెళ్ళిపోతుంది. షార్ మనకు తూర్పున 90 కిలోమీటర్లలోపే. ఆకాశం తెరిపిగా ఉంటే రాత్రి ప్రయోగాల్లో నిప్పు చుక్క పైకి లేచి వంగడం ఉత్త కళ్ళకే తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే చాలు.

ఫోన్‌తో ఫోటోలు వస్తాయా?

చంద్రుడికి చక్కగా వస్తాయి. ఐపీస్‌కు బిగించే ఫోన్ హోల్డర్ తీసుకోండి. ఫోకస్ లాక్ చేసి, వెలుతురు తగ్గించి, మూడు సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలిన అదురు ఉండదు. గ్రహాలకు ఫోటో బదులు వీడియో తీయండి.

పెద్ద టెలిస్కోప్ దగ్గర్లో ఎక్కడైనా ఉందా?

కావలూరులో ఉంది. చిత్తూరు నుంచి వేలూరు మీదుగా వెళ్తే తమిళనాడులోని జవ్వాది కొండల్లో వైను బప్పు అబ్జర్వేటరీ. అక్కడి 2.34 మీటర్ల టెలిస్కోప్‌ను 1986లో ప్రారంభించారు. 1977లో యురేనస్ వలయాల జాడ దొరికిన రాత్రి కావలూరులోని ఒక మీటరు టెలిస్కోప్ కూడా దాన్నే గమనిస్తోంది. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు ఆ చోటును ఎంచుకోవడానికి ఒక కారణం, దక్షిణాకాశం అక్కడి నుంచి బాగా అందడం. కావలూరు అక్షాంశం 12.6 డిగ్రీలు. మనకు ఒక్క డిగ్రీ తేడా. వెళ్ళేముందు సందర్శన వేళలు కనుక్కుని బయల్దేరండి. మే నెలలో వెళ్తే, కొండ దిగే ముందు రోడ్డు పక్కన ఆగి దక్షిణం వైపు ఒక్కసారి చూడండి. మీ మిద్దె మీద నుంచి చూసిన త్రిశంకు అక్కడ ఎంత స్పష్టంగా ఉంటాడో తెలుస్తుంది.